బయటికి మెయిల్ వెళ్ళకపోతే సెట్టింగులు మార్చడం ఆపండి, ముందు లాగ్ చదవండి

సొంతంగా మెయిల్ సర్వర్ నడుపుకునేవాళ్ళు మన వైజాగ్‌లో తక్కువమందే, ఆ కొద్దిమందిలో కూడా చాలామంది చివరికి విసిగిపోయి వదిలేస్తున్నారు, ఎందుకండీ అని అడిగితే అందరూ చెప్పే కారణం ఒకటే: వచ్చే మెయిల్స్ బానే వస్తున్నాయి, బయటికి వెళ్ళాల్సినవే వెళ్ళట్లేదు. పెద్ద కంపెనీలు చిన్న సర్వర్లని బతకనివ్వట్లేదు అంటారు. అందులో కొంత నిజం ఉంది, దాని సంగతి కింద రాస్తాను. కానీ నా దగ్గరికి వచ్చిన కేసుల్లో ఎక్కువ భాగం అది కానే కాదు. మన మెయిల్ ఎందుకు తీసుకోలేదో అవతలి సర్వర్ వెంటనే రాసి చెప్పింది, ఆ మాట మన సర్వర్ లాగ్‌లో (జరిగినదంతా సర్వర్ రాసుకునే ఫైలు) పడి ఉంది, ఎవరూ తెరిచి చూడలేదు.

చూడకుండా ఏం చేస్తారంటే, ముందు సర్వర్ రీస్టార్ట్ చేస్తారు, తర్వాత నెట్‌లో ఎక్కడో దొరికిన ఎస్‌పీఎఫ్ రికార్డు (మన డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే జాబితా) తెచ్చి డీఎన్ఎస్‌లో (డొమైన్ పేరు కొడితే సర్వర్ నంబరు, అంటే ఐపీ, చెప్పే డైరెక్టరీ) అతికించేస్తారు, అప్పటికీ కాకపోతే డీకిమ్ కీ (మెయిల్ మనదేనని చూపే డిజిటల్ సంతకం తాళంచెవి) కొత్తది చేస్తారు, అప్పటికీ కాకపోతే మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్‌నే మొత్తం తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తారు. జ్వరం రాగానే రక్తపరీక్ష చేయించకుండా నాలుగు రకాల మాత్రలు ఒకేసారి మింగినట్టే ఇది, తగ్గితే దేనివల్ల తగ్గిందో తెలీదు, తగ్గకపోతే ఇప్పుడున్న నీరసం జ్వరానిదా మాత్రలదా అన్నదీ తెలీదు. పైగా డీఎన్ఎస్ మార్పులు అన్ని చోట్లా కనపడ్డానికి టైం పడుతుంది కాబట్టి, పొద్దున్న మార్చింది సాయంత్రం పని చేస్తే మధ్యాహ్నం మార్చిన ఇంకోదానికి క్రెడిట్ ఇచ్చేసి, ఆ తప్పు మందే పదిమందికి చెప్తారు.

నేను చూసే మెయిల్ సర్వర్లు ఎక్కువగా పోర్టు పనులు చేసే ఆఫీసులవి, అంటే కస్టమ్స్ క్లియరింగ్, ఫార్వర్డింగ్ చేసేవాళ్ళవి. వాళ్ళకి మెయిల్ అంటే ఊరికే ఉత్తరం కాదు. బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ సరుకు రసీదు) కాపీ, ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, డెలివరీ ఆర్డర్ కోసం రిక్వెస్టు, అన్నీ మెయిల్‌లోనే నడుస్తాయి. కంటైనర్‌కి ఇచ్చిన ఫ్రీ డేస్ దాటితే రోజుకింత అని డెమరేజ్, డిటెన్షన్ ఛార్జీలు పడతాయి, ఆ డబ్బు చివరికి సరుకు తెప్పించుకున్నాయన జేబులోంచే పోతుంది. "పంపీసాం కదా బాబూ, మరి ఆళ్ళకెందుకు ఎల్లలేదంటున్నారు?" అని పెద్దాయన అడిగితే, ఎస్‌పీఎఫ్ మార్చానండి చూద్దాం అనడం జవాబు కాదు. ఎక్కడ ఆగిందో, ఎన్నింటికి ఆగిందో, ఎవరు ఆపారో చెప్పగలగాలి. చెప్పొచ్చు కూడా, ఎస్ఎంటీపీలో (సర్వర్లు మెయిల్ ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) అందుకు కావలసినవన్నీ 1982లో దాని ప్రమాణపత్రం ఆర్ఎఫ్‌సీ 821 రాసినప్పటి నుంచీ ఉన్నాయి.

ముందు ఒకటి తేల్చుకోవాలి. "మెయిల్ వెళ్ళట్లేదు" అనే మాటలో కనీసం నాలుగు వేరే వేరే జబ్బులు ఉంటాయి. అవుట్‌లుక్ నుంచి గానీ ఫోన్ నుంచి గానీ మన సర్వర్‌కే చేరకపోవడం ఒకటి. మన సర్వర్‌కి చేరి క్యూలో నిలిచిపోవడం ఇంకోటి. అవతలి సర్వర్ మొహం మీదే వద్దనడం మూడోది. అవతలి సర్వర్ తీసుకుని స్పామ్‌లో పడెయ్యడం నాలుగోది. వీటిలో ఏది అన్నది తెలియకుండా చేసే రిపేరు ఏదైనా గాల్లో రాయి విసరడమే.

మొదటిది త్వరగా తేలిపోతుంది. స్టాఫ్ ఎవరో మెయిల్ యాప్‌లో పోర్టు 25 (ఈ పోర్టు అంటే సర్వర్‌లోకి వెళ్ళే తలుపు నంబరు) పెట్టుకుని ఉంటారు, ఆఫీసులో పని చేస్తుంది, ఇంటికెళ్ళి మధురవాడలోనో గాజువాకలోనో ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద ప్రయత్నిస్తే ఆగిపోతుంది, ఎందుకంటే ఇళ్ళ కనెక్షన్ల మీద 25ని చాలా కంపెనీలు మూసేస్తాయి. మనుషులు మెయిల్ ఇవ్వడానికి 587 గానీ 465 గానీ వాడాలి, 25 అనేది సర్వరూ సర్వరూ మాట్లాడుకోడానికి. లేదా సర్వర్ సర్టిఫికెట్ (కనెక్షన్ భద్రమని చూపేది) గడువు అయిపోయి ఉంటుంది, ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లు 90 రోజులకే అయిపోతాయి కదా, ఆటోమేటిక్ రెన్యువల్ ఎప్పుడో ఆగిపోయిన సంగతి ఎవరూ గమనించరు. ఈ రకం కేసులో మన సర్వర్ లాగ్‌లో ఆ మెయిల్ జాడే ఉండదు, లాగ్‌లో లేకపోవడమే ఇక్కడ క్లూ.

రెండోదీ మూడోదీ లాగ్ లైన్ చివర్లో కనపడతాయి. పోస్ట్‌ఫిక్స్ అయితే ప్రతి మెయిల్‌కీ ఒక క్యూ ఐడీ ఇస్తుంది, మెయిల్ లాగ్‌లో పంపిన వాళ్ళ అడ్రస్సో అందుకోవాల్సిన వాళ్ళ అడ్రస్సో వెతికి ఆ ఐడీ పట్టుకుంటే, ఆ ఐడీతో మొత్తం కథ బయటికి వస్తుంది. స్టేటస్ దగ్గర సెంట్ (వెళ్ళింది), డిఫర్డ్ (వాయిదా పడింది), బౌన్స్‌డ్ (తిరిగొచ్చింది) అనే మూడింట్లో ఒకటి ఉంటుంది, పక్కనే బ్రాకెట్లో అవతలి సర్వర్ అన్న మాట ఉంటుంది. అందులో మొదటి అంకె చూడాలి. 4తో మొదలైతే ఇప్పుడు కాదు తర్వాత రా అని, 5తో మొదలైతే ఇక రావద్దు అని. 4 వస్తే పోస్ట్‌ఫిక్స్ తనంతట తనే మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది, మామూలు సెట్టింగుల్లో 5 రోజులు ప్రయత్నించి అప్పుడు గానీ తిప్పి పంపదు. పంపినవాళ్ళకి ఈ 5 రోజులూ ఏమీ తెలీదు, క్లియరింగ్ ఆఫీసులో 5 రోజులంటే ఫ్రీ డేస్ అయిపోడానికి చాలు. అందుకే డిలే వార్నింగ్ టైం అని ఒక సెట్టింగు ఉంది, మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది, దాన్ని గంటో రెండు గంటలో పెడితే మెయిల్ ఇంకా వెళ్ళలేదని పంపినాయనకి కబురు వస్తుంది, ఆయన ఫోన్ చేసి పని నడిపించుకుంటాడు. ఇది పెట్టని సర్వర్లు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఒక్క లైన్ పని.

మొదటి అంకెతో పాటు మిగతా మాట కూడా చదవాలి, సగం చదివి వదిలేస్తే లాభం లేదు. 450తో గ్రేలిస్టింగ్ అని ఉంటే అవతలివాళ్ళు కొత్త సర్వర్‌ని కాసేపు ఆగమన్నారు అంతే, దానంతటదే వెళ్తుంది, ఏమీ ముట్టుకోవద్దు. 5.1.1 ఉంటే ఆ అడ్రస్సే లేదు, చాలాసార్లు అడ్రస్ టైప్ చేసేటప్పుడు ఒక అక్షరం పోయి ఉంటుంది. సైజు ఎక్కువైందని వస్తే అటాచ్‌మెంట్ చూడాలి. ఇది మా వైపు భలే ఎక్కువ, డాక్యుమెంట్లన్నీ కలర్‌లో స్కాన్ చేసి ఒకే పీడీఎఫ్ చేసి పంపుతారు, ఫైల్ 8 ఎంబీయే కదా అంటారు, కానీ మెయిల్‌లో ఫైల్ బేస్64 అనే అక్షరాల రూపంలోకి మారి మూడో వంతుకు పైగా పెరుగుతుంది, పోస్ట్‌ఫిక్స్ మామూలు లిమిట్ 1,02,40,000 బైట్లు, అంటే ఆ 8 ఎంబీ ఫైలు మన సొంత సర్వర్ గడపే దాటదు. గూగుల్‌నీ యాహూనీ తిట్టుకునే లోపు ఆ లైన్ చదివితే అయిపోయే పని.

ఇక కనెక్షన్ టైమ్డ్ అవుట్, అంటే ఎంతసేపు ఆగినా అవతల నుంచి జవాబే రాకపోవడం. ఏ కంపెనీకి పంపినా, జీమెయిల్ అయినా ఇంకోటైనా, అన్నింటికీ పోర్టు 25 దగ్గర టైమ్డ్ అవుట్ అని వస్తోందంటే మన ప్యాకెట్ బయటికే వెళ్ళట్లేదు. సర్వర్లు అద్దెకిచ్చే గూగుల్ క్లౌడ్, ఏడబ్ల్యూఎస్, డిజిటల్ ఓషన్ లాంటివాళ్ళు బయటికి వెళ్ళే 25ని ముందే మూసి ఇస్తారు, కొందరు అడిగితే తెరుస్తారు, కొందరు అడిగినా తెరవరు. ఇక్కడ ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (ఆ రెండు పరీక్షలూ తప్పిన మెయిల్‌ని ఏం చెయ్యాలో చెప్పే పాలసీ) ఏవి ఎంత అందంగా పెట్టినా ఉపయోగం లేదు, అవతలి సర్వర్ మన మొహమే చూడలేదు. అందుకే సర్వర్ తీసుకునే ముందే సేల్స్‌వాళ్ళని రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి: 25 తెరుస్తారా, రివర్స్ డీఎన్ఎస్ పెట్టనిస్తారా. ఈ రెండింటికీ అవునంటేనే డబ్బు కట్టండి.

రివర్స్ డీఎన్ఎస్ దగ్గర చాలామంది తికమక పడతారు కాబట్టి కాస్త వివరంగా. మన డొమైన్ పేరు కొడితే ఐపీ చెప్పే రికార్డు మన చేతిలో ఉంటుంది, డొమైన్ కొన్నచోట పెట్టుకుంటాం. ఐపీ కొడితే పేరు చెప్పే పీటీఆర్ రికార్డు మన చేతిలో ఉండదు, ఐపీ ఎవరిదైతే వాళ్ళ చేతిలో ఉంటుంది, అంటే సర్వర్ అద్దెకిచ్చినవాళ్ళ ప్యానెల్‌లోనో, ఆఫీసులోనే సర్వర్ ఉంటే స్టాటిక్ ఐపీ ఇచ్చిన ఇంటర్నెట్ కంపెనీ దగ్గరో. డొమైన్ ప్యానెల్‌లో పీటీఆర్ అని రికార్డు పెట్టేసి అయిపోయిందనుకునేవాళ్ళని చాలామందిని చూశాను, దాన్ని ఎవరూ అడగరు, అది అక్కడ ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. ఐపీ నుంచి పేరు రావాలి, ఆ పేరు నుంచి మళ్ళీ అదే ఐపీ రావాలి, సర్వర్ కనెక్ట్ అవగానే హెలో అని తన పేరు చెప్పుకునేటప్పుడు కూడా అదే పేరు చెప్తే ఇంకా మంచిది. లోకల్‌హోస్ట్ (ప్రతి కంప్యూటరూ తనని తాను పిలుచుకునే పేరు) అని హెలో చెప్పే సర్వర్‌ని ఎవరు నమ్ముతారు.

ఇందులోనే ఇంకో ముడి ఉంది, నాకు తెలిసి మనుషుల్ని అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించేది ఇదే. కొన్ని మెయిల్స్ వెళ్తాయి, కొన్ని వెళ్ళవు. ఒకే మనిషి ఒకే జీమెయిల్ అడ్రస్‌కి పొద్దున్న పంపితే వెళ్ళింది, మధ్యాహ్నం పంపితే తిరిగొచ్చింది. దీంతో అందరూ గూగుల్‌కి మూడ్ బాలేదేమో అన్నట్టు మాట్లాడతారు. లాగ్‌లో ఆ రెండు మెయిల్స్ పక్కపక్కన పెట్టి చూస్తే రిలే అని ఉన్నచోట, అంటే అవతలి సర్వర్ అడ్రస్ దగ్గర, ఒకదానికి మామూలు ఐపీ (ఐపీవీ4), ఇంకోదానికి కోలన్లతో పొడుగ్గా ఉండే కొత్త రకం ఐపీవీ6 అడ్రస్ కనపడుతుంది. సర్వర్‌కి ఐపీవీ6 కూడా వచ్చి ఉంటుంది, మనం అడగలేదు, కంపెనీ ఇచ్చేసింది. పీటీఆర్ మాత్రం ఐపీవీ4కే పెట్టాం, ఎస్‌పీఎఫ్‌లో కూడా ఐపీవీ4 ఒక్కటే రాశాం. పోస్ట్‌ఫిక్స్ ఏ దారి దొరికితే ఆ దారిలో వెళ్తుంది, ఐపీవీ6 దారిలో వెళ్ళినప్పుడల్లా 550 కొట్టి వెనక్కి పంపుతారు. మందు రెండు రకాలు: ఐపీవీ6కి కూడా పీటీఆర్, ఎస్‌పీఎఫ్ రెండూ సరిగ్గా పెట్టడం, లేదా బయటికి పంపేది ఐపీవీ4 మీద మాత్రమే అని సర్వర్‌కి చెప్పడం. నేనైతే చిన్న ఆఫీసుకి రెండోదే చేస్తాను. లాగ్ చదవనివాడికి ఈ జబ్బు ఎన్నటికీ దొరకదు అని గట్టిగా చెప్తాను, ఎందుకంటే చేత్తో చేసే టెస్టు మెయిల్ అప్పుడు వెళ్ళిపోతుంది, అంతా బాగుంది అని సర్టిఫికెట్ ఇచ్చేస్తారు.

ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ గురించి నెట్ నిండా ఉంది కాబట్టి అవి ఏంటో వివరంగా చెప్పను, ఎక్కడ దెబ్బతింటారో చెప్తాను. ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక డొమైన్‌కి ఒక్కటే ఉండాలి, పాతది ఉంచి కొత్తది పక్కన పెడితే రెండూ చెల్లవు. అందులో ఇన్‌క్లూడ్‌లూ (వేరేవాళ్ళ జాబితాని కలుపుకునే మాటలు) అవీ కలిపి డీఎన్ఎస్ లుకప్‌లు 10 దాటకూడదు. డీకిమ్‌లో 2048 బిట్ కీ ఒక్క టెక్స్ట్ స్ట్రింగ్‌లో పట్టదు, స్ట్రింగ్‌కి 255 అక్షరాలే, అందుకని రెండు ముక్కలుగా కోట్స్‌లో పెట్టాలి, కొన్ని ప్యానెల్స్ వాటంతటవే ముక్కలు చేస్తాయి, కొన్ని చివర కోసేస్తాయి, ఏమీ చెప్పవు. పెట్టాక డిగ్ కమాండ్‌తో బయట నుంచి చూసుకోవాలి, ప్యానెల్‌లో కనపడేది నమ్మొద్దు.

వీటికంటే ముఖ్యమైంది వెబ్‌సైట్‌లో ఉండే ఎంక్వైరీ ఫారం. కస్టమర్ తన జీమెయిలో యాహూనో రాసి సబ్మిట్ కొడితే, ఆ ఫారం కోడ్ రాసినాయన కస్టమర్ అడ్రస్‌నే ఫ్రమ్‌లో పెట్టి మన సర్వర్ నుంచి పంపిస్తాడు. అంటే మన సర్వర్ నేనే యాహూని అని అబద్ధం చెప్తున్నట్టు లెక్క. యాహూ 2014 ఏప్రిల్‌లోనే తన డీమార్క్ పాలసీని రిజెక్ట్‌కి మార్చేసింది, అప్పటి నుంచి ఇలాంటివి తిరిగి వస్తూనే ఉన్నాయి, ఇప్పటికీ కొత్త వెబ్‌సైట్లు ఇలాగే కడుతున్నారు. ఫ్రమ్‌లో మన డొమైన్ అడ్రస్, రిప్లై-టూలో కస్టమర్ అడ్రస్ పెడితే సరిపోతుంది. అలాగే ఆఫీసు మెయిల్ మొత్తాన్ని ఓనర్‌గారి సొంత జీమెయిల్‌కి ఆటోమేటిక్‌గా ఫార్వర్డ్ పెట్టడం. ఆఫీసుకి వచ్చిన స్పామ్ కూడా మన ఐపీ నుంచే జీమెయిల్‌కి వెళ్తుంది, పంపింది ఎవరో గానీ చెడ్డ పేరు మాత్రం మనకి. ఆయన ఫోన్‌లో మన మెయిల్‌బాక్స్‌నే నేరుగా పెట్టండి, ఫార్వర్డ్ తీసేయండి.

స్పామ్ పంపే ఐపీల బ్లాక్‌లిస్టులో పడ్డామన్న మాట వినగానే అందరూ పరిగెత్తేది డీలిస్ట్ ఫారం దగ్గరికి. ఆగండి. మొదట, నిజంగా పడ్డామా? అలాంటి లిస్టులు నడిపే స్పామ్‌హాస్‌ని గూగుల్ లాంటి పబ్లిక్ డీఎన్ఎస్ ద్వారా అడిగితే అది జవాబు ఇవ్వదు, 127.255.255.254 అని ఒక ఎర్రర్ కోడ్ ఇస్తుంది, దాన్ని లిస్టులో ఉన్నట్టు అర్థం చేసుకునే టూల్స్, మనుషులు చాలా ఉన్నారు. వాళ్ళ సైట్‌లోనే ఐపీ కొట్టి చూడండి. రెండోది, ఏ లిస్టు? పీబీఎల్ అయితే మనం తప్పు చేశామని కాదు, ఆ ఐపీ రేంజ్ నుంచి నేరుగా మెయిల్ పంపకూడదని రాసిపెట్టిన జాబితా అది, ఇళ్ళ కనెక్షన్లు దాదాపు అన్నీ అందులోకే వస్తాయి. ఎక్స్‌బీఎల్ (హ్యాక్ అయిన మెషిన్ల జాబితా), ఎస్‌బీఎల్ (స్పామ్ పంపేవాళ్ళ జాబితా) అయితే మాత్రం మన వైపు ఏదో జరిగింది, అది దొరికే దాకా డీలిస్ట్ అడగొద్దు, అడిగి తీయించుకుని మళ్ళీ పడితే ఈసారి తియ్యడం ఇంకా కష్టం. ఎక్కువగా జరిగేది పాస్‌వర్డ్ దొంగతనం. లాగ్‌లో ఎస్ఏఎస్ఎల్ యూజర్‌నేమ్ (పాస్‌వర్డ్‌తో లాగిన్ అయిన యూజర్ పేరు) అని ఉంటుంది, ఏ యూజర్ పేరు మీద ఎన్ని వెళ్ళాయో లెక్కేస్తే ఒక్క పేరే వందల్లో, వేలల్లో కనపడుతుంది. ఆ పాస్‌వర్డ్ మార్చి, క్యూని హోల్డ్‌లో పెట్టి, ఆ పేరుతో ఉన్న చెత్త తీసేసి, మంచివి వదిలి, అప్పుడు ఫారం నింపాలి. యూజర్‌కి గంటకి ఇన్నే అని ముందే హద్దు పెట్టుకుంటే దొంగ లోపలికొచ్చినా నష్టం చిన్నది.

పెద్ద కంపెనీలు చిన్న సర్వర్లని బతకనివ్వట్లేదన్న మాటలో కొంత నిజం ఉందన్నాను కదా, ఇప్పుడు దాని గురించి. 2024 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ కొత్త రూల్స్ పెట్టినప్పుడు చిన్న సర్వర్ల పని అయిపోయింది అన్నారు. నేను ఒప్పుకోను. జీమెయిల్‌కి రోజుకి 5,000 పైన పంపేవాళ్ళకి పెట్టిన షరతులు వేరు, మన లాంటివాళ్ళని అడిగింది ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ, సరైన పీటీఆర్, టీఎల్ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా కనెక్షన్‌ని గుప్తంగా ఉంచే పద్ధతి), స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం దాటకుండా ఉండటం. ఇవన్నీ ఉచితం, ఒక సాయంత్రం కూర్చుంటే అయ్యే పని, నిజానికి ఎప్పుడో చెయ్యాల్సినవి. నాకు అన్యాయం అనిపించేది వేరేది. మన ఐపీ శుభ్రంగా ఉన్నా, పక్క ఐపీల్లో ఎవడో స్పామ్ పంపితే మొత్తం రేంజ్‌ని మూసేయడం. 250 ఓకే (అందింది అనే జవాబు) అని తీసుకుని, ఏ కారణం చెప్పకుండా స్పామ్‌లో పడెయ్యడం. ఫారం నింపితే మనిషన్నవాడి జవాబు రాకపోవడం. వీటికి లాగ్‌లో మందు లేదు, ఇక్కడ చిన్నవాడికి నిజంగానే గొంతు లేదు, ఇది మారాలి.

అలాంటప్పుడు కూడా సర్వర్ మూసెయ్యక్కర్లేదు. ఏ కంపెనీ దగ్గర ఇబ్బందో ఆ ఒక్క డొమైన్‌కి వెళ్ళేవి మాత్రం డబ్బు కట్టి తీసుకున్న రిలే (మన బదులు మెయిల్ చేరవేసే సర్వీసు) ద్వారా పంపమని పోస్ట్‌ఫిక్స్ ట్రాన్స్‌పోర్ట్ మ్యాప్‌లో (ఏ డొమైన్‌కి ఏ దారో చెప్పే ఫైలు) రాయొచ్చు, మిగతావి అన్నీ నేరుగా వెళ్తాయి. రిలే పెడితే సొంత సర్వర్ అనే మాటే పోయింది అని కొందరు పట్టుదలగా ఉంటారు, నాకు ఆ పట్టుదల అర్థం కాదు, ఏళ్ళ తరబడి పాత మెయిల్స్, అకౌంట్లు, పాస్‌వర్డ్‌లు, బ్యాకప్ మన దగ్గరే ఉన్నాయి, రేపు ఆ రిలే వాడు రేటు పెంచితే ఒక లైన్ మార్చి ఇంకోడి దగ్గరికి పోవచ్చు. కాకపోతే రిలే ఎంచుకునేది లాగ్ చదివి, కారణం తెలిసి, దానికి మన వైపు మందు లేదని తేలాక. చదవకుండా రిలే పెడితే దొంగిలించిన పాస్‌వర్డ్‌తో వెళ్ళే స్పామే రిలేలో కూడా వెళ్తుంది, రెండోరోజే వాళ్ళు అకౌంట్ ఆపేస్తారు.

2025 అక్టోబరులో గూగుల్ మన విశాఖలో 15 బిలియన్ డాలర్లు పెట్టి ఏఐ హబ్ కడతానని ప్రకటించింది, ఊరంతా డేటా సెంటర్ల మాటే. సంతోషమే. కానీ ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీల నుంచి వచ్చే పిల్లల్లో క్లౌడ్ సర్టిఫికెట్లు ఉన్నవాళ్ళు బోలెడుమంది దొరుకుతారు, ఒక బౌన్స్ మెసేజ్ ఇచ్చి ఇదెందుకు తిరిగొచ్చిందో చెప్పమ్మా అంటే చెప్పగలిగేవాళ్ళు అరుదుగా దొరుకుతారు. పిల్లల తప్పు కాదు, ఎవరూ వాళ్ళ చేతికి ఒక లాగ్ ఇచ్చి చదవమనలేదు. చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్), చిన్న డొమైన్ చాలు, ఒక సెమిస్టర్ పాటు మెయిల్ సర్వర్ నడిపితే డీఎన్ఎస్, టీఎల్ఎస్, సెక్యూరిటీ మూడూ చేత్తో పట్టుకుని నేర్చుకున్నట్టే. ఏ కాలేజీ అయినా పెడతానంటే వచ్చి చెప్పడానికి నేను సిద్ధం.

చివరగా లాగ్‌ని ఉంచుకోవడం. ఉబుంటు, డెబియన్‌లో మామూలుగా మెయిల్ లాగ్ నాలుగు వారాలే ఉంటుంది, తర్వాత చెరిగిపోతుంది, షిప్పింగ్ గొడవలు మాత్రం బిల్లు చేతికొచ్చాక మొదలవుతాయి, అప్పటికి నెల దాటిపోతుంది. దాన్ని ఏడాదికి పెంచండి, కంప్రెస్ చేస్తే పెద్ద జాగా కూడా పట్టదు. సర్వర్ టైం యూటీసీలో ఉంటే మన టైంకి 5 గంటల 30 నిమిషాలు వెనక ఉంటుందని గుర్తుపెట్టుకోండి, లేదంటే తప్పు రోజు లాగ్‌లో వెతుకుతూ కూర్చుంటారు. నేను చూసే ఒక ఆఫీసులో మీ రిక్వెస్టు మాకు రానేలేదు అని అవతలి ఏజెంట్ డిటెన్షన్ బిల్లు వేశారు. లాగ్‌లో ఆ మెయిల్ లైన్ తీశాం, తేదీ, టైం, వాళ్ళ సర్వర్ పేరు, 250 ఓకే, ఆ పక్కనే వాళ్ళ సర్వర్ ఇచ్చిన క్యూ ఐడీ. అది యథాతథంగా వాళ్ళ ఐటీ వాళ్ళకి పంపాం. ఆ ఐడీతో వెతికితే వాళ్ళ క్వారంటైన్‌లోనే (అనుమానం ఉన్న మెయిల్స్‌ని ఆపి ఉంచే చోటు) దొరికింది, బిల్లు వెనక్కి తీసుకున్నారు.